జపాను బొమ్మల చిత్రములు పరదేశములను చేరిన విధము

బొమ్మ కదలుట యనునది కంటికి కలుగు భ్రమ. ఒకదానికంటె నొకటి కొంచెము భేదముగల పటములను సెకనుకు 24 చొప్పున తెరపై చూపినచో, కన్ను వానిని విడివిడిగా గుర్తింపజాలక ఒకే కదలికగా గ్రహించును. తోలుబొమ్మలాట చూచి పెరిగిన జాతికి బొమ్మలు మాటలాడుట వింత గాదు. వింత మరియొకటి యున్నది. జపాను దేశమున, జపాను భాషలో, ముఖ్యముగా జపాను ప్రజల కొరకే గీయబడిన బొమ్మలు నేడు బ్రెజిలులోను, ఫ్రాన్సులోను, అరబ్బు దేశములలోను, తెలుగు, తమిళము, కన్నడము కలిసి వినబడు మన హోసూరు ప్రాంతమునను బాలబాలికలను కదలనీయక కూర్చుండబెట్టుచున్నవి. ఆ దేశము వెలుపల జపాను భాష తెలిసినవారు బహు స్వల్పము. ఆ చిత్రములలోని ఇండ్లు, అన్నము తిను పుల్లలు, గుడులు, దయ్యములు చాలవరకు ఆ ద్వీపములకు చెందినవే.

అట్లయ్యు ఇవి సముద్రములు దాటిన విధమెట్టిది? దాటునప్పుడు ఏమి పోగొట్టుకొన్నవి? ఏమి నిలుపుకొన్నవి? ఇంట నొక భాషయు వీధిలో మరియొక భాషయు మాటలాడు మనకు ఈ ప్రశ్న వినోదమునకు మాత్రమే సంబంధించినది కాదు. తన భాషలో తన ఊరి సంగతి చెప్పుకొనువాడు పరులకు వినబడవలెనన్నచో ఎంతవరకు మారవలెను అను విచారము ఇందులో ఇమిడియున్నది.

జపానులో బొమ్మల చిత్రములు 1917 నాటికే మొదలైనవి. అవి కొన్ని నిమిషముల హాస్యకథలు. పెద్ద యెత్తున ప్రయత్నము జరిగినది రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మటనే. 1956లో తోయే సంస్థ బొమ్మల చిత్రముల కొరకు ప్రత్యేకముగా నొక శాఖను నెలకొల్పి, 1958లో తెల్లపాము కథను రంగులలో విడుదల చేసెను. ఆ దేశమున పూర్తి నిడివిగల రంగుల బొమ్మల చిత్రము అదియే మొదటిది. కథ మాత్రము చీనా దేశపు జానపద గాథ. 1961లో అది అమెరికా చేరినది కాని, పేరులో ఒక పాండాను తగిలించుకొని మరీ చేరినది. మొదటి ప్రయాణముననే పేరు మారినదన్నమాట. చదువరులు ఈ సంగతిని గుర్తుంచుకొందురు గాక. ఇది మరల మరల ఎదురగును.

తరువాతి ఘట్టము దూరదర్శనమునకు చెందినది. వైద్యశాస్త్రము చదివి బొమ్మల కథలు గీయుటకు మరలిన ఒసాము తెజుకా అను నాయన 1963 జనవరి 1వ తేదీన ఒక యంత్రబాలుని కథను వారమునకొక భాగము చొప్పున ప్రసారము చేయించుట మొదలిడెను. అదే సంవత్సరము సెప్టెంబరులో ఆ కథ "ఆస్ట్రో బాయ్" అను పేర అమెరికాలో ప్రసారమయ్యెను. వారము దినములలో అరగంట కథకు చాలినన్ని బొమ్మలు గీయుట మానవసాధ్యము కాదు. ధనమును చాలదు. అందుచేత ఒకే బొమ్మను మూడు మారులు, అంతకు మించియు వరుసగా చూపుట, దేహమును కదల్పక నోటిని మాత్రమే కదల్చుట, ఒక కథలో పరుగెత్తిన బొమ్మనే మరియొక కథలోను పరుగెత్తించుట వంటి పొదుపు మార్గములు వెదకిరి. డిస్నీవారి నునుపైన కదలికల ప్రక్క ఇది పేదవాని పద్ధతియే. కాని ఈ పేదరికమే ఒక విచిత్రమైన మేలు చేసినది. అది కొంచెము వివరముగా చెప్పదగినది.

అమెరికాలో పెద్ద చిత్రములకు ముందుగా నటుల మాటలను ముద్రించి, పిదప ఆ మాటలకు సరిగా పెదవులను గీయుదురు. "ఓ" అనినప్పుడు నోరు గుండ్రముగాను, "ఈ" అనినప్పుడు సాగినట్లుగాను ఉండవలెను. ఇది సొంపైన పనియే, సందేహము లేదు. ఐనను ఆ పెదవులు ఆంగ్లమునకు కట్టుబడిపోవును. వానిపై వేరొక భాషను అతికించినచో అతుకు కనబడుచుండును. జపానులో సాధారణముగా ముందు బొమ్మలను గీసి, తరువాత మాటలు చెప్పింతురు. నోటికి మూడే రూపములు: మూసిన నోరు, సగము తెరచిన నోరు, పూర్తిగా తెరచిన నోరు. ఈ మూడే మారుచుండును. ఇట్టి నోటికి ఏ భాషయైనను సరిపోవును. ఫ్రెంచి సరిపోవును, అరబ్బీ సరిపోవును, మన తెలుగును సరిపోవును. కత్సుహిరో ఓటోమో 1988లో తీసిన "అకిరా" ఇందుకు ప్రసిద్ధమైన వ్యత్యాసము. అందు మాటలను ముందుగా ముద్రించి, పెదవులను వానికి తగినట్లు గీసిరి. ఐనను ఆ చిత్రమే పాశ్చాత్య దేశములలోని యువకులను మొట్టమొదట పెద్దయెత్తున ఆకర్షించినదగుట ఒక చమత్కారము. కాబట్టి పెదవుల పొదుపే సమస్తమును సాధించెనని చెప్పరాదు. అది తలుపు తెరచినది, అంతే.

ఆ తలుపు గుండా మొదట వెళ్లినవి వేషము మార్చుకొని వెళ్లినవి. స్విట్జర్లాండు రచయిత్రి యోహన్నా స్పైరి వ్రాసిన "హైడి" కథను 1974లో ఇసావో తకహాతా నిర్దేశకత్వమున జపానువారు బొమ్మలుగా తీసిరి. అందుకొరకు చిత్రకారులు ముందుగా ఆల్ప్సు పర్వతములకు పోయి పచ్చికబయళ్లను, ఇండ్లను కన్నులార చూచి వచ్చిరి. ఆ హైడి స్పెయిను, ఇటలీ, జర్మనీ దేశముల పిల్లలకు ఇంటిబిడ్డ యయ్యెను. ఇది జపానునుండి వచ్చినదని వారిలో ఎందరెరుగుదురు? 1978లో ఫ్రాన్సులో ప్రసారమైన ఒక యంత్రవీరుని కథకు "గోల్డొరాక్" అని క్రొత్త పేరు పెట్టి, అందలి పాత్రలకును పేర్లు మార్చిరి. అరబ్బు దేశములలో కాలిబంతి ఆటగాడైన సుబాసా "మాజిద్" అయ్యెను. పిల్లలు ఆనందించిరి, అది నిజము. కాని ఆనందమునకు మూలమైన దేశము తెర వెనుకనే నిలిచిపోయెను.

పేరు మార్చుట స్వల్ప విషయమని కొందరనవచ్చును. పేరుతో ఆగనప్పుడు ఏమగునో చూపుటకు ఒక ఉదాహరణము చాలును. హయావో మియజాకి 1984లో "గాలిలోయ నౌసికా" అను చిత్రమును తీసెను. విషవాయువులు చిమ్ము మహారణ్యమొకటి భూమిని క్రమ్ముకొనుచుండును. అందు కొండలవంటి కీటకములు తిరుగుచుండును. మనుష్యులు ఆ యడవిని తగులబెట్టి బ్రదుకదలతురు. నౌసికా అను రాజకుమారి మాత్రము ఆ యడవి విషమును పుట్టించుట లేదనియు, మానవులు చెరచిన నేలను లోలోపల శుద్ధిచేయుచున్నదనియు కనుగొనును. కీటకములు శత్రువులు కావు. వాని కోపమునకు కారణము మనమే. ఇది కథకు ప్రాణము. అమెరికాలో ఈ చిత్రమును 1985లో విడుదల చేసినవారు సుమారు 22 నిమిషములు కోసివేసి, "గాలి యోధులు" అని అర్థము వచ్చు పేరు పెట్టి, నౌసికాను "జాండ్రా"గా మార్చిరి. ప్రకటన చిత్రములో చిత్రమున లేనేలేని మగవీరులను ముందు నిలిపిరి. కోతపడిన భాగములతో పాటు అడవి రహస్యమును చాలవరకు పోయినది. మిగిలినది పురుగులతో యుద్ధము.

1985లోనే మియజాకి, తకహాతా, వారి సహచరులు కలిసి జిబ్లీ చిత్రశాలను స్థాపించిరి. నౌసికాకు పట్టిన గతిని వారు మరువలేదు. ఆ పిమ్మట తమ చిత్రములలో ఒక్క ముక్కయు కోయరాదను నియమముతోగాని పరదేశములకు ఇయ్యలేదు. 1996లో డిస్నీ సంస్థతో ఒప్పందము కుదిరినప్పుడు ఈ నియమము నిలిచినది. 1997 నాటి "మోనొనోకె రాజకుమారి" చిత్రమును తగ్గింపవలెనని అమెరికా పంపిణీదారులు కోరగా, నిర్మాత తొషియో సుజుకి వారి ముఖ్యునకు ఒక జపాను ఖడ్గమును కానుకగా సమర్పించి, "కోత వలదు" అని పలికిన వృత్తాంతము చిత్రలోకమున ప్రసిద్ధము. 1999లో ఆ చిత్రము పూర్తిగానే విడుదలయ్యెను. సత్యము చెప్పవలెనన్నచో, అమెరికాలో అది గొప్ప ధనము నార్జింపలేదు. నియమము పాటించిన తక్షణమే ఫలము చేతికి రాదుగదా!

ఫలము తరువాతి చిత్రముతో వచ్చినది. 2001లో మియజాకి తీసిన చిత్రమునకు ఆంగ్లమున "స్పిరిటెడ్ అవే" అని పేరు. చిహిరో అను పదేండ్ల బాలిక తల్లిదండ్రులతో క్రొత్త ఊరికి పోవుచు దారి తప్పి దేవతల లోకమున ప్రవేశించును. తల్లిదండ్రులు అడుగక భుజించి పందులగుదురు. దేవతలు స్నానమునకు వచ్చు పెద్ద స్నానశాలలో బాలిక పనికి కుదురును. ఆ శాలకు యజమానురాలైన మంత్రగత్తె బాలిక పేరును లాగికొనును.

ఈ ఘట్టమును గూర్చి ఒక మాట. చిహిరో అను పేరును జపానువారు రెండు లిపిచిహ్నములతో వ్రాయుదురు. మొదటి చిహ్నమునకు "వేయి" అని అర్థము. ఆ చిహ్నము పేరులో "చి" అని పలుకును. ఒంటిగా నున్నప్పుడు "సెన్" అని పలుకును. మంత్రగత్తె కాగితముపైనుండి అక్షరములను గుప్పిట పట్టి లాగివేయగా మొదటి చిహ్నమొక్కటి మిగులును. అప్పుడు చిహిరో సెన్ అగును. తన అక్షరములలోని ముక్కయే, కాని తన పేరు గాదు. అసలు పేరు మరచినచో ఇంటికి పోవు దారి దొరకదు. అట్లు మరచి, అక్కడనే దాస్యమున పడిన హకు అను బాలుడును కథలో నున్నాడు.

ఈ లిపి చమత్కారము జపాను, చీనా లిపులు తెలియనివారికి అందదు. అందకపోయినను కథ అందినది! 2002లో బెర్లిను చిత్రోత్సవమున దీనికి ఉత్తమ చిత్రమునకిచ్చు స్వర్ణ భల్లూకము లభించెను; మరియొక చిత్రముతో పంచుకొన్నదైనను, బొమ్మల చిత్రమునకు అట్టి గౌరవము అరుదు. 2003లో ఆస్కారు బహుమతియు లభించెను. ఆంగ్లానువాదమున చేసిన మార్పులు స్వల్పములు. జపాను బాలునకు ఆ భవనముపై గుర్తు చూచినంతనే అది స్నానశాల యని తెలియును. అమెరికా బాలునకు తెలియదు. అందుచేత అనువాదములో బాలిక నోట "ఇది స్నానశాల" అను ఒక చిన్న వాక్యము పలికించిరి. కోత లేదు, తెలియనివానికి ఒక్క మాట సాయము మాత్రమే యున్నది. నా యభిప్రాయమున మంచి యనువాదమునకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు.

అన్ని యనువాదములు ఇంత నిగ్రహము చూపలేదు. జపాను చిత్రములలో నిశ్శబ్దమునకు పెద్ద పీట యున్నది. 1988 నాటి "తోతోరో"లో ఒక బాలిక, నిద్రించుచున్న చెల్లెలిని వీపున మోయుచు, వానలో బస్సు కొరకు నిలిచియుండును. ప్రక్కకు ఒక పెద్ద వనదేవత వచ్చి నిలుచును. చాలసేపు మాట లేదు. వానచినుకులు గొడుగుపై పడుచుండును. అంతే. ఇట్టి నిమిషములు పాశ్చాత్య ప్రేక్షకులకు విసుగు పుట్టించునని వ్యాపారులు భయపడిరి. ఆకాశదుర్గముపై తీసిన 1986 నాటి చిత్రమునకు అమెరికా కొరకు సంగీతమును పెంచి మరల కూర్పించిరి. కూర్చినవాడు అసలు సంగీతకర్తయైన జో హిసాయిషియే. కికి అను చిన్న మంత్రగత్తె కథలో ఇంకను పెద్ద మార్పు జరిగినది. ఆమె పిల్లి మొదట ఆమెతో మాటలాడుచుండును. ఆమె ఎదిగిన కొలది దాని మాట ఆమెకు వినబడకుండపోవును. చివర కూడ పిల్లి మాటలాడదు. బాల్యము గడచినదని చెప్పకయే చెప్పుట అది. 1998 నాటి ఆంగ్లానువాదమున పిల్లిచేత చివర మాటలాడించిరి! 2010లో మరల విడుదల చేయునప్పుడు ఆ చేర్పును తొలగించిరి. పన్నెండేండ్లలో ప్రేక్షకులు మౌనమును సహించుట నేర్చుకొనిరో, వ్యాపారులు ప్రేక్షకులను నమ్ముట నేర్చుకొనిరో తెలియదు.

ఈ మార్పునకు సామాన్య ప్రేక్షకులును కారకులే. వీడియో టేపుల కాలమున అమెరికాలోని అభిమానులు, వారిలో పలువురు విద్యార్థులు, జపానునుండి టేపులు తెప్పించుకొని, తామే మాటలను తర్జుమా చేసి, తెర యడుగున అక్షరములుగా ఎక్కించి, చేతులు మార్చుకొనెడివారు. చట్టము దీని నంగీకరింపదు. కాని కోతలులేని రూపమునకు గిరాకి యున్నదని వ్యాపారులకు తెలియజెప్పినవారు వారే. మన దేశమునను ఇట్టి సంగతి జరిగినది. మకోతో షిన్కాయ్ తీసిన, వాతావరణమును మార్చగల బాలిక కథయైన చిత్రమును ఇచట ప్రదర్శింపవలెనని ఏబదివేలకు మించి అభిమానులు వినతిపత్రముపై సంతకములు చేసిరి. 2019 అక్టోబరులో అది భారతదేశపు తెరలపైకి వచ్చెను. 2020లో జిబ్లీ చిత్రములలో 21 నెట్‌ఫ్లిక్స్ ద్వారా పెక్కు దేశములకు చేరునప్పుడు 28 భాషలలో అడుగువ్రాతలు సిద్ధముచేయబడెను.

వ్యాపారపు ఏర్పాటును గూర్చి కొంచెము చెప్పి ముందుకు పోవుదము. పెక్కు చిత్రములకు మొదట వారపత్రికలలో బొమ్మల కథ వచ్చును. జనము మెచ్చినచో దూరదర్శన మాలిక యగును. అదియు నిలిచినచో చలనచిత్రమగును. ప్రచురణకర్తలు, ప్రసారసంస్థలు, ఆటబొమ్మల వ్యాపారులు కలిసి సంఘముగా ఏర్పడి ఖర్చును, లాభమును పంచుకొందురు. ఇన్ని చేతులలో పంచుకొనిన లాభము, దినమంతయు వంగి గీయు చిత్రకారునకు చేరునప్పటికి చాల పలుచనగునని ఆ దేశమున చిరకాలముగా ఫిర్యాదు గలదు. పిల్లలు ఈ బొమ్మలను చూచునప్పుడు ఆ చేతులను తలచుకొనుట న్యాయము.

ప్రయాణము ఒక వైపే సాగలేదు. యూగో సాకో అను జపాను నిర్మాత 1983లో పురావస్తు తవ్వకములపై వార్తాచిత్రము తీయుటకు మన దేశమునకు వచ్చి, రామకథకు ముగ్ధుడై, దానిని బొమ్మల చిత్రముగా తీయ సంకల్పించెను. దైవమైన రాముని పాత్రను మానవనటుడు ధరించుటకంటె బొమ్మగా చూపుటయే తగునని ఆయన తలంపు. విదేశీయులు మన పవిత్రకథను బొమ్మలుగా తీయుట యేమని ఆక్షేపణలు వచ్చినవి. ఐనను మన దేశపు బొమ్మల చిత్రములకు పెద్దయైన రామ్ మోహన్ మొదలగువారు ఆయనతో కలిసి పనిచేసిరి. ధోవతి కట్టు విధానము, పెద్దల ఆశీస్సు లందుకొను పద్ధతి మనవారు జపాను చిత్రకారులకు నేర్పిరి. 1993లో ఢిల్లీ చలనచిత్రోత్సవమున దానిని ప్రదర్శించిరి. తెలుగు మాటలతో అది మన చిత్రశాలలకు చేరుటకు 2025 జనవరి వరకు కాలము పట్టెను. మన కథ జపాను చుట్టివచ్చి మన భాషను చేరుటకు ముప్పది యేండ్లు!

అదే 2025 సెప్టెంబరులో రాక్షసులను వేటాడు తంజిరో కథయైన "డీమన్ స్లేయర్" క్రొత్త చిత్రము జపాను, ఆంగ్లము, హిందీలతో పాటు తమిళమునను తెలుగునను విడుదలయ్యెను. ఇట తెలుగువారు గర్వింపదగిన సంగతి యొకటి గలదు. జపాను భాషకును మన భాషకును వాక్యనిర్మాణము చాలవరకు ఒక్కటే. రెండింటను క్రియ చివర వచ్చును, వ్యతిరేకార్థమును చివరనే తెలియును. "నేను నిన్ను మరచి" అని ఆగి, కొంచెము సేపు చూచి, "పోలేదు" అను అవకాశము ఆంగ్లమున లేదు. అందు "లేదు" ముందే వచ్చి ఉత్కంఠను చంపును. అన్నకు, తమ్మునికి, అక్కకు, చెల్లెలికి జపానులో మనవలెనే వేర్వేరు మాటలున్నవి. ఆంగ్లమున అన్నయైనను తమ్ముడైనను "బ్రదర్" ఒక్కడే. తంజిరో చెల్లెలిని కాపాడుటకే కత్తిపట్టినవాడు. ఆ బంధమునకు మన "అన్నయ్య", "చెల్లి" మాటలు తొడిగినట్లు సరిపోవును. జపానువారు పేరు చివర చేర్చు "సాన్" మన "గారు" వంటిది. జపానునుండి నేరుగా తెలుగు చేయగలవాడుండిన ఎంత సొగసుగా నుండును! ఆంగ్లము మీదుగా చేసినచో ఇందు సగము దారిలోనే జారిపోవును.

కాని చిహిరో పేరు దొంగతనమును తెలుగు చేయవలసి వచ్చినచో మన లిపి సాయపడదు. మన అక్షరము ఎక్కడ నున్నను తన ధ్వనినే పలుకును. ఒంటిగా నిలిపినంత మాత్రమున వేరొక పేరు పుట్టదు. నాగమణి అను బాలిక పేరులో సగము తీసివేసితిమనుకొందము. మిగులునది "మణి". అది మన ఇండ్లలో అమ్మమ్మలు ముద్దుగా పిలుచు పిలుపు! దొంగతనమేమియు జరిగినట్లు తోచదు. అందుచేత ఆ పాత్రకు గొంతునిచ్చు నటి ఆ రెండక్షరములను అమ్మమ్మవలె గాక, యజమానురాలివలె పలుకవలసియుండును.